ముందు ఒంటికి ధైర్యం చెబుదాం



పరీక్షల ముందు రోజు రాత్రి దాదాపు ప్రతి ఇంట్లోనూ వినిపించే మాట "టెన్షన్ పడకు". ప్రేమతోనే అంటాం. కానీ ఆ మాటతో టెన్షన్ తగ్గిన పిల్లలు ఎంతమంది? చదివిందంతా బాగానే వచ్చు. అయినా పొద్దున్నే కడుపులో తిప్పుతుంది, చేతులు చల్లబడతాయి, ప్రశ్నపత్రం చూడగానే ఏమీ గుర్తు రాదు. ఇంటికొచ్చాక జవాబులన్నీ గడగడా చెప్పేస్తారు. చాలాసార్లు ఇది చదువులో లోపం కాదు. భయపడిన ఒంటిని మాటలతో శాంతపరచాలని చూడటమే మనం చేసే పొరపాటు.

ఒంట్లో ఏం జరుగుతుంది?

పదో తరగతి జీవశాస్త్రంలో మీ పిల్లలు స్వయంచోదిత నాడీ వ్యవస్థ గురించి చదువుతారు. గుండె, ఊపిరి, జీర్ణం మన ప్రమేయం లేకుండానే నడిపించే వ్యవస్థ ఇది. ఇందులో ఒక భాగం ప్రమాదం ఎదురైతే ఒంటిని పరుగుకో పోరాటానికో సిద్ధం చేస్తుంది. గుండె వేగం పెరుగుతుంది, జీర్ణక్రియ మందగిస్తుంది, కండరాలు బిగుసుకుంటాయి. రెండో భాగం ప్రమాదం దాటాక ఒంటిని మళ్లీ నెమ్మదింపజేస్తుంది. ఎదురుగా ఉన్నది పామా, ప్రశ్నపత్రమా అని మొదటి భాగం ఆగి ఆలోచించదు.

నెమ్మదింపజేసే పనిలో ముఖ్యమైనది వేగస్ నాడి. ఇది మెదడు నుంచి గుండె, ఊపిరితిత్తులు, పేగుల దాకా వెళుతుంది. దాని తంతువుల్లో దాదాపు 80 శాతం కబుర్లు మోసేది మెదడు నుంచి ఒంటికి కాదు, ఒంటి నుంచి మెదడుకు. అంటే ఒళ్లు నెమ్మదిస్తే ఆ సంగతి మెదడుకు చేరుతుంది. "భయపడకు" అన్న మాట కంటే నిదానంగా వదిలిన ఊపిరి ముందు పనిచేయడానికి ఇదే కారణం.

చైనా సంప్రదాయం ఏమంటుంది?

చైనా సంప్రదాయ వైద్యం మనసును, ఒంటిని వేరువేరుగా చూడదు. కోపానికి కాలేయంతో, భయానికి మూత్రపిండాలతో, అతిగా ఆలోచించడానికి ప్లీహంతో సంబంధం ఉందంటుంది. వాళ్ల లెక్కలో జీర్ణం ప్లీహం పని. కాబట్టి ఆలోచన ఎక్కువైతే ఆకలి పోతుందంటారు. ప్లీహం అన్నం అరిగించదని ఆధునిక వైద్యం చెబుతుంది. కానీ దిగులుకూ కడుపుకూ ఉన్న సంబంధాన్ని వాళ్లు గమనించిన మాట నిజం. పరీక్షల కాలంలో టిఫిన్ డబ్బా నిండుగా తిరిగొచ్చిన ప్రతి అమ్మకూ అది తెలుసు.

అందుకే అక్కడ చికిత్సలో కదలిక, ఊపిరి, స్పర్శ ముఖ్యమైనవి. బడిలోనూ ఇది కనిపిస్తుంది. 1963లో బీజింగ్‌లో మొదలై దేశమంతా వ్యాపించిన కంటి వ్యాయామంలో పిల్లలు తరగతిలోనే కళ్లు మూసుకుని, స్పీకర్‌లో వచ్చే లెక్కకు అనుగుణంగా కళ్ల చుట్టూ కొన్ని బిందువులను వేళ్లతో నొక్కుకుంటారు. దృష్టిలోపం రాకుండా ఉండాలని పెట్టిన పద్ధతి ఇది. దృష్టిలోపాన్ని ఆపుతుందనడానికి గట్టి ఆధారం లేదు. అయినా చదువు మధ్యలో తరగతి మొత్తం కాసేపు ఆగడం మాత్రం మనం నేర్చుకోదగిన అలవాటే.

ఇంట్లో చేయగలిగినవి మూడు

1. నిదానమైన ఊపిరి. మనసులో నాలుగు లెక్కపెడుతూ ముక్కుతో పీల్చాలి, ఆరు లెక్కపెడుతూ వదలాలి. ఊపిరి బిగబట్టకూడదు. ఒక్కో ఊపిరికి పది సెకన్లు, అంటే నిమిషానికి ఆరు. మూడు నిమిషాలు చాలు. మీ పాపనో బాబునో మణికట్టు దగ్గర తమ నాడి తామే పట్టుకుని చూడమనండి. పీల్చేటప్పుడు కాస్త వేగంగా, వదిలేటప్పుడు నెమ్మదిగా కొట్టుకోవడం పిల్లల్లో చాలామందికి తెలుస్తుంది. ఇలా ఒకసారి స్వయంగా చూస్తే మనం చెప్పనక్కర్లేకుండానే నమ్ముతారు.

2. బాద్వాన్‌జిన్ కదలికలు. ఎనిమిది కదలికలున్న ఈ చైనా వ్యాయామం ఎన్నో శతాబ్దాల నాటిది. మొదటిదీ చివరిదీ నేర్చుకుంటే మనకు సరిపోతుంది. పాదాలు భుజాలంత ఎడంగా పెట్టి నిలబడాలి. వేళ్లు పెనవేసి, ఊపిరి పీలుస్తూ అరచేతులు ఆకాశం వైపు ఉండేలా చేతులు తల పైకెత్తాలి. వదులుతూ పక్కల నుంచి దించాలి. ఇలా ఆరుసార్లు. ఆ తర్వాత మడమలు పైకెత్తి మెల్లగా నేలకు దించాలి. ఇది ఏడుసార్లు. గంటల తరబడి కూర్చుని బిగుసుకున్న మెడ, భుజాలు వదులవుతాయి.

3. మణికట్టు దగ్గర ఒత్తిడి. అరచేయి పైకి పెట్టి, మణికట్టు గీతకు ఆనించి మోచేయి వైపు పిల్లల వేళ్లే మూడు అడ్డంగా ఉంచండి. ఆ మూడు వేళ్లు దాటాక రెండు నరాల్లా తగిలే స్నాయువుల మధ్య ఉండేదే నైగ్వాన్ బిందువు. చైనా భాషలో "లోపలి ద్వారం" అని అర్థం. బొటనవేలితో, నొప్పి పుట్టకుండా, ఒక్కో చేతికి ఒకటి రెండు నిమిషాలు నొక్కాలి. పరీక్ష హాల్లో ఎవరి కంటా పడకుండా చేసుకోవచ్చు.

ఎంతవరకు నమ్మాలి?

నైగ్వాన్ బిందువును నొక్కడం ఆపరేషన్ తర్వాత వచ్చే వికారాన్ని, వాంతులను తగ్గిస్తుందని అనేక పరిశోధనలను కలిపి చూసిన సమీక్షలు తేల్చాయి. ఆందోళన విషయంలో ఆధారాలు అంత బలంగా లేవు. "చీ" అనే ప్రాణశక్తి ప్రవహించే మార్గాలు శరీర నిర్మాణ శాస్త్రానికి దొరకలేదు. నిదానమైన ఊపిరికి మాత్రం శరీరధర్మ శాస్త్రం మద్దతు బాగానే ఉంది. ఇంట్లో ప్రాణాయామం అలవాటుంటే అదే చేయించండి, కొత్తది అక్కర్లేదు.

మూలికల మందులు, సూదుల విషయం వేరు. 1990ల మొదట్లో బెల్జియంలో బరువు తగ్గడానికి చైనా మూలికల మాత్రలు వాడిన వందమందికి పైగా మూత్రపిండాలు దెబ్బతిన్నాయి. ఒక మూలికకు బదులు అరిస్టలోకియా జాతి మొక్క వాటిలో కలవడమే కారణం. "సహజమైనది" అన్న మాట చూసి ఆన్‌లైన్‌లో జ్ఞాపకశక్తి మందులు, టెన్షన్ మందులు కొనకండి. సూదులు అర్హత ఉన్న వైద్యుల పని.

ఆస్తమా, గుండె జబ్బు, మూర్ఛ ఉన్న పిల్లలకు ముందు డాక్టరును అడగండి. తల తిరిగితే వెంటనే ఆపించండి.

ఇవి సరిపోని చోటు

రెండు వారాలకు మించి నిద్ర పట్టకపోయినా, అన్నం మానేసినా, బడికి వెళ్లనని రోజూ ఏడ్చినా, స్నేహితులతో మాట్లాడటం మానేసినా అది బద్ధకమనుకోకండి. పిల్లల డాక్టరునో కౌన్సెలర్‌నో కలవండి. "నేను లేకపోతే మీకు బాగుంటుంది" వంటి మాట ఒక్కసారి అన్నా ఆ రోజే సాయం తీసుకోండి, బిడ్డను ఒంటరిగా వదలకండి. ప్రభుత్వ టెలీ మానస్ నంబరు 14416. ఇరవై నాలుగు గంటలూ ఉచితంగా, తెలుగులో కూడా మాట్లాడతారు.

ఈ నెలలో మీరు చేయాల్సింది

పరీక్ష రోజు పొద్దున మొదలుపెడితే ఇవి అంతగా పనిచేయకపోవచ్చు. ఈ రోజు నుంచే రాత్రి భోజనానికి ముందు ఐదు నిమిషాలు కేటాయించండి. ఫోన్ పక్కన పెట్టి మీరూ పక్కన కూర్చుని చేయండి. పెద్దవాళ్ల గొంతులో కంగారు, నడకలో హడావుడి పిల్లల ఒంటికి ఇట్టే తెలిసిపోతాయి. వాటిలోని నెమ్మది కూడా అంతే.

పరీక్ష రాసి గేటు బయటికి వచ్చిన బిడ్డను మనం అడిగే మొదటి ప్రశ్న "ఎన్ని మార్కులొస్తాయి?" కాకుండా "ఆకలేస్తోందా?" అయితే, ఆ ఒంటికి అదే అన్నిటికన్నా మంచి మందు.