చిన్నాడి రోజుతో దారి కొలుచుకో

కాకినాడ

చి. సౌ. అమ్మలుకి,

 

నువ్వు పంపిన ప్లాను కాగితం జాగ్రత్తగా చదివాను. మే చివర్లో జర్మనీలోని పస్సౌలో సైకిళ్ళెక్కి, డాన్యూబ్ ఒడ్డునే వియన్నా, బ్రాటిస్లావా దాటి పది రోజుల్లో బుడాపెస్టు చేరాలని రాశావు. దారి ఎంపికకి వంక పెట్టను. పసివాడితో విదేశంలో మొదటిసారి సైకిలు ప్రయాణం చేసేవాళ్ళు ఎవరడిగినా నేను ఆ దారే చెబుతాను. మీ వదినావాళ్ళు మ్యూనిక్‌లో ఉన్న రోజుల్లో మనవరాలిని వెంటబెట్టుకుని నేనూ తొక్కిన దారి అది. నది దిగువకి పోతుంది కాబట్టి పస్సౌ నుంచి వియన్నా వరకూ నేల మొత్తం మీద దిగేది సుమారు నూట యాభై మీటర్లే, చెప్పుకోదగ్గ ఎత్తులు లేవు. గాలి కూడా ఎక్కువగా పడమటి నుంచే వీస్తుంది, వీపుకి సాయంగా ఉంటుంది. ఒడ్డున చాలాచోట్ల కార్లు రాని విడి సైకిలు దారి ఉంది.

నా అభ్యంతరమల్లా బుడాపెస్టు మీద. పస్సౌ నుంచి వియన్నాకి దాదాపు 320 కిలోమీటర్లు, అక్కణ్ణించి బుడాపెస్టుకి ఇంకో మూడువందల పైమాట. పది రోజుల్లో అంటే రోజుకి అరవై దాటుతుంది. నీకూ అల్లుడుగారికీ అది లెక్కలోది కాదు, నాకు తెలుసు. కానీ ఆ అరవై కిలోమీటర్లూ చిన్నాడు ట్రైలర్ బండిలో బెల్టు కట్టుకుని కూర్చోవాలి. నాలుగున్నరేళ్ళవాడు మెలకువగా ఉండి ముప్పావుగంట కదలకుండా కూర్చుంటే గొప్ప. ఉదయం అలాంటి విడతలు రెండు, భోజనం తర్వాత వాడు నిద్రపోతే ఒక గంట, సాయంత్రం ఇంకో చిన్న విడత. ఇంతకంటే వాడి రోజులో చోటు లేదమ్మా. ట్రైలర్ లాగుతూ ఆగుతూ వెళితే అది పాతిక, మహా అయితే ముప్ఫై కిలోమీటర్లు. మ్యాపులో ఊళ్ళ దూరాలు చూసి రోజులు పంచకు. ముందు వాడి రోజు గీసుకో, అందులో ఎంత దూరం పడుతుందో అంతే పెట్టు.

అందుకని నేను చెప్పేది ఇది. దిగిన రోజూ మర్నాడూ పస్సౌలోనే ఉండండి. మూడు నదులు కలిసే ఊరది. డాన్యూబ్, ఇన్, ఇల్జ్ నీళ్ళు వేర్వేరు రంగుల్లో వచ్చి ఒకదాన్నొకటి ఒరుసుకుంటూ పోవడం చిన్నాడికి వేలితో చూపించవచ్చు. ఆ రెండో రోజునే సైకిళ్ళు అద్దెకి తీసుకుని, సామాను లేకుండా కాసేపు తొక్కి చూసుకోండి. అక్కడ బండ్లన్నీ కుడివైపు నడుస్తాయి. రోడ్డు దాటేటప్పుడు ఎటు చూడాలన్నది మన ఒంట్లోకి వెంటనే ఎక్కదు, ట్రైలర్ వెనక ఉన్నప్పుడు అది నేర్చుకునే సమయమూ కాదు.

అక్కణ్ణించి లింట్స్ దాకా ఉన్న తొంభై అయిదు కిలోమీటర్లని నాలుగు రోజులు చేయండి. ష్లోగెన్ దగ్గర నది కొండకి తగిలి వెనక్కి మళ్ళి మళ్ళీ ముందుకి తిరుగుతుంది. అక్కడ ఎడమ ఒడ్డున కొంత దూరం దారే లేదు, సైకిళ్ళతో సహా పడవ ఎక్కాలి. కుడి ఒడ్డున దారి తెగదు. అయినా మీరు ఎడమ ఒడ్డునే వెళ్ళండి, పడవ చిన్నాడి కోసం. ఆ పడవలు నడిచే వేళలు మాత్రం ముందురోజు రాత్రే బస చేసిన చోట అడగాలి. లింట్స్‌కి కాస్త ముందు ఒట్టెన్స్‌హైమ్‌లో ఇంకో పడవ ఉంది. దానికి ఇంజను లేదు. నదికి అడ్డంగా కట్టిన తీగకి తగిలించి ఉంటుంది, పడవని ప్రవాహానికి ఓరగా తిప్పితే నీటి తోపుడే దాన్ని అవతలి ఒడ్డుకి చేరుస్తుంది. మా మనవరాలు దాన్ని వదిలి రానంది, అటూ ఇటూ మళ్ళీ మళ్ళీ ఎక్కించాం. ఆ పూట ఇంకేమీ పెట్టుకోకండి.

లింట్స్‌లో ఒక రోజంతా సైకిళ్ళు ముట్టుకోవద్దు. ఊరి పక్కన పోస్ట్లింగ్‌బెర్గ్ అనే కొండ మీదికి 1898 నుంచీ ట్రాము నడుస్తోంది. పైన గుహలో డ్రాగన్ తల ఉన్న చిన్న రైలు, మరుగుజ్జు బొమ్మలు. పిల్లల కోసం వందేళ్ళకి పైగా నడుపుతున్నారు.

ఆ తర్వాత మెల్క్‌కి రైలెక్కండి. దారి మధ్యలో వదిలేయడమా అని నీ మనసు ఒప్పుకోదని తెలుసు. కానీ ఈ దారిలో అక్కడక్కడా రైలు అందుబాటులో ఉంటుంది. వాన పట్టినా, పిల్లాడికి ఒళ్ళు వెచ్చబడినా ఎక్కడో ఒకచోట రైలు పట్టుకోవచ్చు. అందుకే నేను ఈ దారి మంచిదన్నాను. ఉన్న సౌకర్యాన్ని వాడుకోవడానికి మొహమాటమెందుకు? మధ్యలో మౌట్‌హౌజెన్ వస్తుంది. నాజీల నిర్బంధ శిబిరం ఉన్న చోటు. అది చూడవలసిందే, కానీ చిన్నాణ్ణి లోపలికి తీసుకెళ్ళవద్దు. మీకు చూడాలని ఉంటే లింట్స్‌లో ఉన్న రోజున ఒకరు వెళ్ళి రండి, ఇంకొకరు వాడి దగ్గర ఉండండి.

మెల్క్ నుంచి క్రెమ్స్ దాకా 36 కిలోమీటర్లు. వాఖౌ లోయ అంటారు, 2000లో యునెస్కో ప్రపంచ వారసత్వ జాబితాలో చేరింది. కొండవాలంతా ద్రాక్షతోటలు, కింద ఆప్రికాట్ తోటలు. పళ్ళు జూలైలో గాని పండవు, మీకు దొరికేవి జాము, లోపల ఆప్రికాట్ పెట్టి చేసే తీపి ఉండలు. దీన్ని రెండు రోజులు చేసి స్పిట్జ్‌లో రాత్రి ఆగండి. డ్యూర్న్‌స్టైన్‌లో కొండ మీద శిథిలమైన కోట ఉంది. ఇంగ్లండు రాజు రిచర్డుని 1192 చలికాలంలో అక్కడ ఖైదు చేశారు. ముందురోజు రాత్రి చిన్నాడికి ఈ కథ చెప్పి పడుకోబెట్టు. మర్నాడు కోట ఎప్పుడొస్తుందని వాడే నిన్ను తరుముతాడు. క్రెమ్స్ నుంచి వియన్నాకి రైలు గంట ప్రయాణం.

ఇక మిగతా సంగతులు. చిన్నాడికి హెల్మెట్ తప్పనిసరి. ఆస్ట్రియాలో పన్నెండేళ్ళ లోపు పిల్లలు ట్రైలర్‌లో కూర్చున్నా పెట్టుకోవాలని చట్టం. వెనక భాగం పొడుచుకురాని హెల్మెట్ కొను, లేకపోతే సీటుకి ఆనినప్పుడు తల ముందుకి వంగి మెడ నొప్పి పుడుతుంది. ట్రైలర్‌తో పాటు, వాడి చిన్న సైకిలుని పెద్ద సైకిలుకి తగిలించే సాధనం అద్దెకి దొరికితే అదీ తీసుకో. కాస్త దూరం తానూ తొక్కానన్న తృప్తి వాడికి ఉండాలి. సైకిళ్ళు పస్సౌలో తీసుకుని వియన్నాలో అప్పగించే ఏర్పాటు చేసే కంపెనీలున్నాయి. పెట్టెల్ని ఒక బస నుంచి ఇంకో బసకి చేర్చేవాళ్ళూ ఉన్నారు. ఆ ఖర్చుకి వెనకాడకు.

మే, జూన్‌లలో అక్కడ సెలవులు వరసగా వస్తాయి. వాటికి ఆదివారం తోడైతే గదులు నిండిపోతాయి, అందుకని గదులన్నీ ముందే పట్టుకోండి. ఆదివారాలూ సెలవు రోజులూ కొట్లు మూసేస్తారు, శనివారం సాయంత్రమే పాలు, పెరుగు, రొట్టె, పళ్ళు కొనిపెట్టుకో. వంటగది ఉన్న బస రెండు మూడు చోట్లయినా చూడు, వాడికి అన్నం పడితే మీకు సగం దిగులు తీరుతుంది. ఇక్కణ్ణించి కందిపొడి, కారప్పొడి, అటుకులు పట్టుకెళ్ళు. నెయ్యి, పాలకోవా మాత్రం పెట్టెలో పెట్టకు. బయటి దేశాల నుంచి పాల పదార్థాలు, మాంసం ప్రయాణికులు తేవడాన్ని యూరోపియన్ యూనియన్ నిషేధించింది.

మన టైముకీ వాళ్ళ టైముకీ ఆ రోజుల్లో మూడున్నర గంటల తేడా. మొదటి రెండు మూడు రోజులు చిన్నాడు తెల్లవారకుండానే లేచి కూర్చుంటాడు. బలవంతాన పడుకోబెట్టకుండా, పొద్దున్నే బయల్దేరి మధ్యాహ్నానికల్లా బస చేరండి. గడ్డిలో ఆడాక రోజూ సాయంత్రం స్నానం చేయిస్తూ మోకాళ్ళ వెనక, చెవుల వెనక, చంకల్లో చూడు. అక్కడి గోమార్లు మెదడువాపు తెచ్చే వైరస్‌ని మోస్తాయి. టీకా సంగతి మీ పిల్లల డాక్టరుని ఇప్పుడే అడుగు.

నదికి వరద వచ్చే కాలం కూడా అదే. 2013 జూన్‌లో పస్సౌ పాత ఊరు మునిగింది, కొన్ని వందల ఏళ్ళలో అంత నీరు చూడలేదు. అక్కడి టౌనుహాలు గోడ మీద పాత వరదల గుర్తులన్నీ ఉన్నాయి. బయల్దేరే ముందు వారం నుంచీ నీటిమట్టం వార్తలు చూస్తూ ఉండండి. ఒడ్డున దారి మూశారంటే మూసినట్టే, పక్కనించి దూరిపోదామని చూడవద్దని అల్లుడుగారికి గట్టిగా చెప్పు.

వీసా అర్జీ ఆరు నెలల ముందు నుంచీ పెట్టుకోవచ్చు. ఎక్కువ రాత్రులు ఆస్ట్రియాలో ఉంటారు కాబట్టి ఆ దేశానికే పెట్టాలి, జర్మనీలో దిగినా సరే. ఇన్సూరెన్సు కనీసం 30,000 యూరోలకి ఉండాలి. ఆరేళ్ళ లోపువాడు కనుక చిన్నాడికి వీసా ఫీజు లేదు.

హైదరాబాదులో ఔటర్ రింగ్ రోడ్డు పక్కన 2023లో తెరిచిన సోలార్ సైకిలు ట్రాకు మీకు దగ్గరే కదా. వచ్చే ఆదివారం నుంచి చిన్నాణ్ణి వెనక సీట్లో కూర్చోబెట్టుకుని తెల్లవారుజామునే వెళ్ళండి. వాడు ఎంతసేపటికి దిగుతానంటాడో, ఏం తింటే ఊరుకుంటాడో, ఏ వేళకి కళ్ళు మూతపడతాయో ఒక కాగితం మీద రాసి నాకు పంపు. దాన్నిబట్టి ఏ రాత్రి ఎక్కడ ఆగాలో ఇద్దరం కూర్చుని రాద్దాం. గదులకి అప్పటిదాకా డబ్బు కట్టవద్దు.

అల్లుడుగారికి, చిన్నాడికి నా ఆశీస్సులు. అత్తయ్య మిమ్మల్ని అడిగినట్టు చెప్పమంది.

ఇట్లు,
మీ మావయ్య