ట్రాన్స్‌ఫర్ అయినాక మంచం దిగకూడదా అక్కా?

"అక్కా, పిండం ట్రాన్స్‌ఫర్ అయినాక ఎన్ని రోజులు పడుకోవాలి?" ఐవీఎఫ్‌కి పోయే ఆడపిల్లలు ముందుగా అడిగేది ఇదే. దాని వెనకే ఇంకో పది వస్తాయి. బెంగళూరు నుంచి పావగడ దాకా బస్సులో రావచ్చా? దగ్గితే జారిపోతుందా? అత్తమ్మకి చెప్పాలా వద్దా? రా చెల్లీ, ఇట్లా కూర్చో. టీ తాగుతూ ఒక్కోటీ చూసుకుందాం.

ముందు పిండాలను ఫ్రీజ్ చేస్తారన్న భయం సంగతి తేల్చుకుందాం. మన పిండాలు ఎక్కడో సిటీలో డబ్బాలో గడ్డకట్టి ఉన్నాయంటే మనసు చివుక్కుమంటుంది కదూ? కరెంటు పోతే వాటి గతేంటని కూడా అనిపిస్తుంది. 2050 మెగావాట్ల సోలార్ పార్కు మన పావగడ తాలూకాలోనే ఉన్నా కరెంటు కోతల సంగతి మనకు ఒకరు చెప్పాలా? కానీ వాటిని ఉంచేది మైనస్ 196 డిగ్రీల ద్రవ నైట్రోజన్‌లో. ఆ ట్యాంకులు కరెంటు మీద నడవవు. నైట్రోజన్ తగ్గకుండా ఎప్పటికప్పుడు పోస్తుంటే చాలు. పైగా ఆ చలిలో పిండానికి వయసు పెరగదు. నీ ముప్పయ్యో ఏట తీసిన అండంతో చేసిన పిండం, ముప్పై మూడులో పెట్టించుకున్నా ముప్పయ్యో ఏటిదే. కాబట్టి శెనక్కాయల డబ్బు చేతికొచ్చేదాకా కొన్ని నెలలు ఆగాల్సొస్తే కొంపేం మునగదు. చట్టం ప్రకారం పదేళ్ల దాకా దాచుకోవచ్చు. దాచినందుకు ఏటా ఎంత, ట్రాన్స్‌ఫర్‌కి వేరుగా ఎంత అన్నది మాత్రం ముందే కాగితం మీద రాయించుకో. ఆయుష్మాన్ కార్డు ఈ చికిత్సకు పనికిరాదు, దాని మీద ఆశ పెట్టుకోవద్దు.

కాగితాలంటే గుర్తొచ్చింది. మనం ఇంట్లో తెలుగు, బడిలో కన్నడ. సంతకం పెట్టమని ఇచ్చేదేమో ఇంగ్లీషు. చదవకుండా పెట్టొద్దు. మిగిలిన పిండాలు ఏం చెయ్యాలో కూడా అందులోనే ఉంటుంది. కూర్చోబెట్టి వివరంగా చెప్పడం క్లినిక్ బాధ్యతని 2021 నాటి చట్టంలోనే ఉంది. "నాకు తెలుగులో చెప్పండి, లేదంటే కన్నడలో చెప్పండి" అని అడగడానికి మొహమాటం ఎందుకు? డబ్బు కట్టేది మనమే కదా!

"ఇదేం విడ్డూరమమ్మా" అనే పెద్దవాళ్లుంటే వాళ్లకి దుర్గ కథ చెప్పు. 1978 అక్టోబర్ 3న కోల్‌కతాలో పుట్టిందా పాప. ప్రపంచంలో మొదటి టెస్ట్‌ట్యూబ్ బేబీ ఇంగ్లండ్‌లో పుట్టి అప్పటికి 70 రోజులే. డాక్టర్ సుభాష్ ముఖర్జీ పిండాన్ని ఫ్రీజ్ చేసి, కొన్ని వారాల తర్వాత తల్లి గర్భంలో పెట్టారు. అంటే నీకిప్పుడు జరగబోయేదే! అప్పుడు ఆయన్ని ఎవరూ నమ్మలేదు. ప్రభుత్వ కమిటీ కొట్టిపారేసింది. ఆ అవమానాల మధ్యే 1981లో ఆయన పోయారు. మన దేశపు మొదటి టెస్ట్‌ట్యూబ్ బేబీని 1986లో ముంబైలో పుట్టించారని పేరొచ్చిన శాస్త్రవేత్త టి.సి. ఆనంద్ కుమారే, తర్వాత ముఖర్జీ రాతలన్నీ చదివి, "మొదటివాడు ఆయనే" అని 1997లో బయటపెట్టారు. తన పేరును తానే వెనక్కి జరుపుకున్న మనిషి! ఈ ఆనంద్ కుమార్ ఆ తర్వాత స్థిరపడింది మన బెంగళూరులోనే.

సరే, మందుల దగ్గరికి వద్దాం. మామూలుగా పీరియడ్ వచ్చిన రెండో రోజో మూడో రోజో హార్మోన్ మాత్రలు మొదలవుతాయి. స్కాన్‌లో గర్భసంచి పొర ఏడెనిమిది మిల్లీమీటర్లకు వస్తే ప్రొజెస్టరాన్ మొదలుపెడతారు. ఐదో రోజు దశకు పెరిగిన పిండమైతే, ఆ మందు దాదాపు ఐదు రోజులు పడ్డాక పెడతారు. నెలనెలా సరిగ్గా పీరియడ్ వచ్చేవాళ్లకు ఇన్ని మాత్రలు లేకుండానే చేసే పద్ధతి కూడా ఉంది, అది నీకు కుదురుతుందేమో అడుగు. లోపల పెట్టుకునే ప్రొజెస్టరాన్ గోళీలు మన ఎండలకు మెత్తబడిపోతాయి. బస్సు కిటికీ పక్కన బ్యాగులో వదలొద్దు, ఇంట్లో చల్లని చోట ఉంచు. సూదులైతే రోజూ సిటీకి పరిగెత్తాలా? అక్కర్లేదు. చీటీ చూపిస్తే దగ్గర్లో నర్సమ్మ వేస్తుంది. వేసినచోట గట్టిపడి నొప్పి పుడితే గోరువెచ్చని కాపడం పెట్టుకో. టైముకి మందు గుర్తుచేసే పని మీ ఆయనకి అప్పజెప్పు. బిడ్డ ఇద్దరికీ కదా!

ట్రాన్స్‌ఫర్ రోజు పొద్దున పిండాన్ని కరిగించి చూస్తారు. ఎప్పుడో ఒకసారి అది తట్టుకోలేకపోవచ్చు, ఎక్కువ శాతం బాగానే తట్టుకుంటాయి. పొట్ట మీద స్కాన్ పెట్టి చూస్తూ సన్నటి గొట్టంతో లోపల వదులుతారు. సాధారణంగా మత్తుండదు, కాసేపట్లో అయిపోతుంది. స్కాన్‌లో బాగా కనపడాలని నీళ్లు తాగి రమ్మంటారు, నిజం చెప్పాలంటే ఎక్కువ ఇబ్బంది ఆ మూత్రం బిగపట్టుకోవడమే.

అయిపోయాక మాత్రం హాయిగా బాత్రూంకి పో. ఏమీ జారదు. గర్భసంచి లోపల ఖాళీ గది కాదు, రెండు గోడలూ ఒకదానికొకటి ఆనుకుని ఉంటాయి. సంగటి ముద్దలో చిక్కిన ఇసుక రేణువు, ముద్దను ఊపితే రాలిపడుతుందా? రోజుల తరబడి పడుకున్నంత మాత్రాన కడుపు నిలవదని పరిశోధనల్లో తేలిపోయింది. తిరుగు, వంట చేసుకో, మామూలుగా తిను. బరువులెత్తడం, ఎండలో పొలం పని కొన్నాళ్లు మానుకుంటే చాలు. బస్సులోనే రా. 2023 జూన్ నుంచి శక్తి పథకం ఉంది కదా, మన కర్ణాటక సర్కారు మామూలు బస్సుల్లో ఆధార్ చూపిస్తే నీకు చార్జీ లేదు. మూడు వైపులా ఆంధ్రా ఉన్న తాలూకా మనది, పొరపాటున హిందూపురం వైపు ఆంధ్రా బస్సెక్కితే ఆ లెక్క చెల్లదు సుమా.

ఇంక అసలు కష్టం, ఎదురుచూపు. రక్త పరీక్షకు పది నుంచి పద్నాలుగు రోజులు. రొమ్ములు సలుపుతాయి, కడుపుబ్బరంగా ఉంటుంది, "వచ్చేసిందేమో" అనుకుంటాం. మర్నాడు ఏమీ లేకపోతే ఏడుస్తాం. ఆ నొప్పులన్నీ ప్రొజెస్టరాన్ వల్ల కూడా వస్తాయమ్మా, వాటిలో జాతకం వెతకొద్దు. మెడికల్ షాపు కిట్ కొని నాలుగో రోజే చూసుకోవద్దు. అంత తొందరగా చూస్తే ఉన్నా లేదనే చెప్తుంది, ఊరికే ఏడుపు మిగులుతుంది. అత్తమ్మ శనిమహాత్మకి మొక్కుకుంటానంటే మొక్కుకోనీ. ఆ మొక్కు కోసం నువ్వు మందు మానేసి ఉపవాసం ఉంటానంటే మాత్రం ఊరుకోను.

ఎవరికి చెప్పాలంటావా? నీతో కూర్చుని ఏడవగలిగిన ఇద్దరికి చాలు. "విశేషమేమైనా ఉందా?" అనే మిగతావాళ్లకి "ట్రీట్‌మెంట్ నడుస్తోంది పెద్దమ్మా, ఉంటే నేనే చెప్తా" అని నవ్వేసి లోపలికి పో. పెళ్లిళ్లకీ సీమంతాలకీ పోబుద్ధి కాకపోతే పోవద్దు. ఆ ఇంటివాళ్లు ఏమీ అనుకోరు, సర్దుకుంటారు.

ఒకవేళ ఈసారి నిలవకపోతే? "ఆ రోజు మెట్లెక్కానే, ఆ బిందె ఎత్తానే" అని వెనక్కి తవ్వుకుంటాం, అందరం అంతే. నిలవనివాటిలో చాలా వరకు పిండంలో క్రోమోజోముల తేడా వల్లే పోతాయి. అది నువ్వు మెట్లెక్కక ముందే తేలిపోయిన సంగతి. వయసు తక్కువున్నవాళ్లకు కూడా పెట్టిన ప్రతిదీ నిలవదు. కొన్నాళ్లు ఏడువు, తిను, నిద్రపో, ఆ తర్వాతే డాక్టరుతో మాట్లాడు.

చివరగా, క్లినిక్ నంబరు మీ ఇద్దరి ఫోన్లలోనూ ఉండాలి. కొంచెం మరక కనపడితే భయపడకు, ఫోన్ చేసి అడుగు. ధారగా రక్తం పోయినా, ఒకపక్క పొట్టలో విపరీతంగా నొప్పొచ్చినా, కళ్లు తిరిగినా మాత్రం తెల్లారేదాకా ఆగకుండా దగ్గర్లోని ఆసుపత్రికి పో. రిపోర్టు ఏదొచ్చినా సరే, డాక్టరు ఆపమనేదాకా మందులు ఆపొద్దు చెల్లీ.