పొలంలోని పాత కట్టడాలలో పర్యాటక వసతి: అనుమతులపై ఒక పరిశీలన

సికింద్రాబాదులోని బోయిన్‌పల్లి నుంచి నాగపూర్ రహదారి వెంట మేడ్చల్, తూప్రాన్ వైపు సాగే ప్రాంతం ఒకప్పుడు ద్రాక్ష తోటలకు ప్రసిద్ధి. కోళ్ల ఫారాలూ అక్కడ విస్తరించాయి. తోట తీసివేసిన చోట, ఫారం మూతపడిన చోట షెడ్లు, పశువుల కొట్టాలు, కూలీల గదులు ఖాళీగా మిగులుతాయి. వాటిని వారాంతపు అతిథులకు అద్దెకిచ్చి, ఆ ఆదాయంతో పొలాన్ని నిలుపుకోవాలనుకునే రైతుకు అనుమతుల స్వరూపాన్ని వివరించవలసిన బాధ్యత విస్తరణ శాస్త్రవేత్తపై పడుతుంది.

ఇక్కడ పేర్ల పోలిక చిక్కు తెస్తుంది. వ్యవసాయ భూమిని వ్యవసాయేతర ప్రయోజనాలకు మార్చే 2006 నాటి చట్టం, వాడుకలో 'నాలా', తెలంగాణలోనూ కొనసాగుతున్నది. దాని ప్రకారం ముందస్తు అనుమతి పొంది, భూమి మూల విలువలో నిర్ణీత శాతం రుసుము చెల్లించాలి. ఇది భూ మార్పిడి. భూ వినియోగ మార్పిడి వేరు. అది హైదరాబాదు మహానగరాభివృద్ధి సంస్థ బృహత్ ప్రణాళికలోని మండలాలకు సంబంధించినది. మొదటిది లభించినంత మాత్రాన రెండవది లభించినట్లు కాదు. ఈ రెండూ ఉన్నా కట్టడానికి నిర్మాణ అనుమతి విడిగా పొందవలసిందే.

అసలు నష్టం విస్తీర్ణం దగ్గర జరుగుతుంది. నాలుగు ఎకరాల రైతుకు షెడ్డు, దారి కలిపి పది గుంటలు ఉన్నాయనుకుందాం. తెలియక మొత్తం భూమికి మార్పిడి కోరితే రుసుము పదహారు రెట్లవుతుంది. మార్పిడి జరిగిన భూమికి రైతు భరోసా వర్తించదు. ఎకరాకు ఏటా 12,000 రూపాయల లెక్కన 48,000 రూపాయలు పోతాయి. పది గుంటలకే పరిమితమైతే పోయేది 3,000 మాత్రమే. కనుక దరఖాస్తుకు ముందే సర్వేయరుతో కొలిపించి, సబ్‌డివిజన్ హద్దులు వేయించుకోవడం అవసరం.

ఇంగ్లండులో ప్రశ్న కట్టడం చుట్టూ తిరుగుతుంది. అక్కడి 2015 ఉత్తర్వు కొన్ని పరిమితులతో వ్యవసాయ కట్టడాన్ని నివాసంగా గాని, అతిథి గృహంగా గాని మార్చుకోనిస్తుంది. అయితే మూడు వైపులా చాలా వరకు తెరచి ఉన్న ఇనుప చట్రపు షెడ్డును ఇల్లుగా మార్చడం మార్పిడి కాదు, పునర్నిర్మాణమని 2016లో అక్కడి హైకోర్టు తీర్పునిచ్చింది. మన కోళ్ల షెడ్లు జాలీ గోడలతో దాదాపు అటువంటివే. చట్టం మాట అటుంచినా, రేకుల కప్పు కింద వేసవిలో మనిషి ఉండగలడా అన్నది ముందుగా చూడవలసిన సంగతి.

ఇటలీ పద్ధతి వ్యవసాయ శాస్త్రానికి మరింత దగ్గరిది. 2006 నాటి 96వ చట్టం అతిథి వసతిని రైతుకే పరిమితం చేసి, పొలంలో అప్పటికే ఉన్న కట్టడాలను వాడుకోనిస్తుంది. సేద్యమే ప్రధానంగా ఉండాలి. అతిథి సేవకూ, సేద్యానికీ పట్టే పని గంటలు ఇందుకు ముఖ్యమైన కొలత. అతిథులు పది మందికి మించకపోతే సేద్యమే ప్రధానమని చట్టం భావిస్తుంది. మన 'నాలా' చట్టంలో ఈ కొలమానం లేదు. అది నేలను మాత్రమే చూస్తుంది.

అతిథి వసతి నడుపుతున్న క్షేత్రాలలో ఒక పంటకాలం పాటు పని గంటల పట్టిక నిర్వహించడం స్నాతకోత్తర విద్యార్థులకు తగిన అధ్యయనాంశం. కోత, నాట్ల రోజులను విడిగా నమోదు చేయాలి. అతిథుల రద్దీ, కూలీల కొరత కలిసి వచ్చేది ఆ రోజులలోనే.