దిద్దుబాటు ఏ కొమ్మ మీద మొదలవ్వాలి?

ముందుగా నేను చేసిన ఒక పొరపాటు చెబుతాను. 2007లో మేము సబ్‌వర్షన్ వాడేవాళ్ళం. రెండో రిలీజు కస్టమర్ల దగ్గర నడుస్తోంది, మూడోది ట్రంక్‌లో తయారవుతోంది. ఒక శుక్రవారం సాయంత్రం బిల్లులో కొన్ని సెంట్లు తేడా వస్తున్నాయని ఫోను. రెండో రిలీజు బ్రాంచిలో రెండు లైన్లు దిద్ది, పాచ్ పంపి ఇంటికెళ్ళాను. ట్రంక్‌లోకి మెర్జ్ సోమవారం చేద్దామనుకున్నాను, మర్చిపోయాను. నాలుగు నెలల తర్వాత మూడో రిలీజుతో పాటు ఆ బగ్గూ కస్టమర్ దగ్గరికి చేరింది. "ఇది బాగుచేశామన్నారుగా?" అంటే నా దగ్గర జవాబు లేదు.

ఏ మార్పు ఎక్కడికి మెర్జ్ అయిందో అప్పటి సబ్‌వర్షన్ గుర్తుంచుకునేది కాదు. రివిజన్ నంబర్లు మనమే రాసుకోవాలి. 2008లో వచ్చిన 1.5 వెర్షన్ నుంచి ఆ లెక్క అదే రాసుకుంటోంది. గిట్‌లో ఆ లెక్క చరిత్రలోనే ఉంటుంది. మామూలు మెర్జ్ కమిట్‌కు ఇద్దరు తల్లిదండ్రులు, అంటే రెండు బ్రాంచిల చివరి కమిట్లు.

అందుకే నా సలహా ఇది. బగ్ ఉన్న బ్రాంచిల్లో, ఇంకా సపోర్ట్ చేస్తున్న అన్నిటికన్నా పాతదానిలో ముందు దిద్దండి. తర్వాత వరసగా రెండు నుంచి మూడులోకి, మూడు నుంచి మెయిన్‌లోకి మెర్జ్ చేయండి. ఇలా చేస్తే "గిట్ లాగ్ రిలీజ్‌-3..రిలీజ్‌-2" అని అడిగినప్పుడు ఏమీ రాకూడదు. ఏదైనా వచ్చిందంటే అది ఇంకా మూడులోకి చేరలేదన్నమాట.

చెర్రీ-పిక్‌తో ఈ సౌకర్యం పోతుంది. అది అదే మార్పును కొత్త కమిట్‌గా రాస్తుంది, కాబట్టి చేరిన మార్పు కూడా చేరనట్టే జాబితాలో కనిపిస్తుంది. అలాంటివి ఇరవై పోగయ్యాక, నిజంగా మర్చిపోయినది వాటి మధ్య కనపడదు. అయితే మెయిన్‌లో ముందే దిద్దేసిన బగ్‌ను పాత బ్రాంచికి తేవాలంటే చెర్రీ-పిక్ తప్పదు. మెర్జ్ చేస్తే కొత్త ఫీచర్లన్నీ వెంట వచ్చేస్తాయి. అప్పుడు "ఎక్స్" ఆప్షన్ వాడండి, అసలు కమిట్ ఏదో మెసేజిలో నమోదవుతుంది.

పాత బ్రాంచికే పరిమితమైన మార్పు, ఉదాహరణకు వెర్షన్ నంబరు, ముందుకు రాకూడదనుకోండి. దాని ముందున్న కమిట్లన్నీ మామూలుగా మెర్జ్ చేసి, దాన్నొక్కదాన్నీ "అవర్స్" స్ట్రాటజీతో మెర్జ్ చేయండి. చేరినట్టు లెక్కలో ఉంటుంది, కోడ్ మాత్రం మారదు.

చివరగా, కాన్‌ఫ్లిక్ట్ రాలేదంటే మెర్జ్ సరిగ్గా జరిగినట్టు కాదు. గిట్ రెండు బ్రాంచిల ఉమ్మడి పూర్వీకుడితో పోల్చి, ఒకే చోట రెండు వైపులా వేర్వేరుగా మారితేనే మనల్ని అడుగుతుంది. రెండో రిలీజులో మొత్తాలు డాలర్లలో ఉండి, మూడోదానిలో ఎవరో వాటిని సెంట్లలోకి మార్చారనుకోండి. నా రెండు లైన్లు చక్కగా అతుక్కుంటాయి, బిల్లు మాత్రం తప్పుతుంది. దాన్ని టెస్టులే పట్టుకోవాలి.

ఇప్పుడు నేను మెర్జ్ ముందుకు చేరేదాకా బగ్‌ను క్లోజ్ చేయను, శుక్రవారం సాయంత్రమైనా సరే.