బెల్లమునకు ప్రాణమున్నదా?

గడచిన వానకాలములో మా పాఠశాల ఐదవ తరగతి పిల్లలకు సజీవ నిర్జీవ పదార్థముల పాఠము చెప్పుచుండగా ఒక బాలిక లేచి, "మాస్టారుగారూ, బెల్లమునకు ప్రాణమున్నదాండీ? మా యింట కుండలోని బెల్లమునకు చెమట పట్టుచున్నది" అని యడిగెను. తరగతియంతయు నవ్వెను. మేమును నవ్వి, "లేదు, కూర్చుండుము" అని పాఠము సాగించితిమి.

ఆ సాయంకాలము ఆ నవ్వు మమ్ము బాధించెను. చూచిన దానినిబట్టి యూహింపుడని పిల్లలకు బోధించువారము మేము. ఆ పిల్ల చూచినది, ఊహించినది, నవ్వినవారమే చూడలేదు. కావున మరునాడు పాఠ్యపుస్తకమును మూసి, ఆ ప్రశ్ననే పాఠముగా గైకొంటిమి.

అనకాపల్లిలో నిట్టి ప్రశ్న పుట్టుట వింత కాదు. బెల్లపు వర్తకమునకు మన యూరు దేశమంతట పేరు గాంచినది. చెరకు పరిశోధన కొరకు 1913లోనే ఇచ్చట నొక క్షేత్రము నెలకొల్పబడెను. మా విద్యార్థులలో గానుగ యెరుగనివారు తక్కువ. అయినను చెరకు గడ్డిజాతి మొక్కయనియు, వరికిని వెదురునకును చుట్టమనియు చెప్పగా పలువురు నమ్మలేదు. ఆకులు ఎండ వెలుతురులో గాలిని నీటిని గూర్చి చక్కెర చేయును. మొక్క దానిని గడలో దాచుకొనును. మనము రసమని త్రాగునది ఆ మొక్క తన కొరకు దాచుకొన్న కూడు.

రైతు చెరకును విత్తనము చల్లి పెంచడు; గడను ముచ్చెలుగా నరికి నాటును. ముచ్చెకున్న కన్ను చిగిర్చి మొక్కయగును. అనగా, నరికినంత మాత్రమున చెరకు చావలేదు. ఇది పిల్లలందరు ఎరిగినదే, కాని యెవరును ఆలోచింపనిది.

ప్రాణమున్నది ఊపిరి విడువవలెను గదా! నాలుగు వెడల్పు మూతి సీసాలు తెప్పించి, ఒక్కొక్క దానిలో చిన్న గిన్నెతో తేరిన సున్నపు నీటిని పెట్టితిమి. మొదటి దానిలో అప్పుడే నరికిన చెరకు ముక్కలు, రెండవ దానిలో పొడి బెల్లము, నాలుగవ దానిలో నీట కరగిన బెల్లము; మూడవది వట్టి సీసా. మూతలు బిగించితిమి. మరునాటికి చెరకున్న సీసాలోని సున్నపు నీరు పాలవలె తెల్లబడెను. మనము ఊదినను సున్నపు నీరట్లే తెల్లబడును. బొగ్గుపులుసు గాలి కలిసినచో జరుగు మార్పు అది. పొడి బెల్లపు సీసాలోను వట్టి సీసాలోను మీద పలుచని పొర తప్ప మార్పు లేదు. సీసాలోని గాలియందే కొంచెము బొగ్గుపులుసు గాలి యుండును గనుక ఆ పొర యేర్పడినది. వట్టి సీసా యెందులకని మొదట సణిగిన బాలురు అప్పుడు ఊరకుండిరి.

ఇంతటితో ముగిసినదనుకొంటిమి. మూడవ దినమున నాలుగవ సీసాలో నురుగు లేచి, కల్లు వాసన కొట్టి, సున్నపు నీరు తెల్లబడెను. "బెల్లము బ్రతికినదండీ!" అని తరగతి యంతయు కేకలు వేసెను. మాకును క్షణకాలము నోట మాట రాలేదు.

పిమ్మట బెల్లపు నీటిని బాగుగా మరగించి, మరగించిన సీసాలో పోసి, మూతికి దూది బిరడా పెట్టితిమి. మరియొక సీసాను తెరచి యుంచితిమి. తెరచినది నురుగు కట్టెను, దూది పెట్టినది కట్టలేదు. పులిసినది బెల్లము కాదు. వెలుపలనుండి చేరిన కంటికి కానరాని సూక్ష్మజీవులు దానిని తిని బ్రతికినవి. ఫ్రాన్సు దేశీయుడగు లూయీ పాస్టరు 1860 ప్రాంతమున వంపుమెడ సీసాలతో లోకమునకు చూపినది ఈ తీరు సంగతియే.

మరి చెమట మాట? 100 గ్రాముల బెల్లపు ముక్కను పళ్లెములో పెట్టి కిటికీ యొద్ద నుంచగా, వాన ముసురులో వారము దినములకు నాలుగు గ్రాములు బరువెక్కెను. చెమట పట్టిన శరీరము బరువు తగ్గును గాని పెరుగదు. కాబట్టి అది లోపలినుండి వచ్చిన చెమట కాదు. గాలిలోనుండి బెల్లము లాగుకొన్న చెమ్మ. ఉప్పు చేయునదియు నిదే. ప్రాణముతో పని లేదు; అది పదార్థపు గుణము.

అప్పుడా బాలిక, "అయితే మా పిన్నిగారింటి బెల్లము చెమర్చదేమండీ?" అని మరల నడిగెను. ఈ మారు ఎవ్వరును నవ్వలేదు. విచారింపగా తెలిసినదేమన, వారి చెరకు నరికిన పిమ్మట గానుగ చెడి, గడలు మూడు దినములు ఎండలో పడియున్నవి. పాకము దిమ్మ కట్టక ముద్దగా మిగిలినది. అంగడిలో దానికి ధర పలుకక యింటి కుండలోనికి వచ్చినది.

నరికిన గడ బ్రతికియే యుండును గాని, దానికి వేళ్లు లేవు, ఆకులు లేవు. దాచుకొన్న కూటినే తినుచు ఊపిరి విడుచును. అంతేగాక గడలోని ఒక జీవరసము చక్కెరను రెండు చిన్న చక్కెరలుగా విడగొట్టును; ద్రాక్ష చక్కెర యొకటి, పండ్ల చక్కెర మరియొకటి. ఈ విడిన చక్కెరలు చక్కగా గడ్డకట్టవు. అందులో పండ్ల చక్కెరకు చెమ్మ లాగుకొను గుణము మెండు. రసము 100 పాళ్లలో సుమారు 80 పాళ్లు నీరే. దానిని మరగించి, సున్నము వేసి పులుపు విరచి, మడ్డి తీసి, పాకము 118 డిగ్రీల సెంటిగ్రేడు ప్రాంతమునకు తెచ్చినను, విడిన చక్కెర మరల కలియదు. ఆ వేడికి చెరకులోని ప్రాణమంతయు నశించును. కాని బ్రతికియున్న మూడు దినములలో అది చేసికొన్న పని బెల్లములో నిలిచిపోవును. బాలిక ప్రశ్న మేమనుకొన్నంత వెర్రిది కాదు.

దిమ్మ పసిమిని చూచి ధర కట్టు నలవాటును గూర్చి ఇచ్చట నొక మాట. హైడ్రోసు అను మందు వేసి బెల్లమును తెల్లగా చేయవచ్చును; నిలువయుంచగా ఆ తెలుపు తగ్గి రంగు తిరుగును. పిల్లలు మాత్రము దిమ్మను కొట్టి చూచి, విరుపును చెమ్మను గమనించుట నేర్చిరి.

సంవత్సరాంతమున ఆ బాలిక తండ్రి పాఠశాలకు వచ్చి సీసాలను చూపుమనెను. చూపితిమి. ఆయన చెరకు ముక్కల సీసాను చాలసేపు చేత పట్టుకొని, "మూడు దినములు ఇది నా బండిమీదనే తిన్నదన్నమాట" అనెను. గానుగ వంతు ఖాయమైన పిమ్మటగాని ఈ యేడు కత్తి పట్టనని చెప్పి, కూతురు వ్రాసిన నోటుపుస్తకము నడిగి తీసికొని వెళ్లెను.