సెల్ఫ్ తీసుకోని పాత ట్రాక్టరు - లోపం ఎక్కడుందో మీరే పట్టుకోండి

తొలకరి వాన పడ్డాక విత్తనానికి అదను నాలుగైదు రోజులే. నేలలో పదును ఆరిపోతే మళ్లీ వాన కోసం మొగులు వంక చూడాల్సిందే. సరిగ్గా ఆ రోజుల్లోనే ట్రాక్టరు సెల్ఫ్ తీసుకోక మొరాయిస్తే గొర్రు కదలదు. బండి ఉన్న రైతుకు విత్తనం ఆలస్యమవుతుంది. గంటల లెక్కన బాడుగకు పిలిపించుకునే చిన్న రైతుకు కష్టం ఇంకా ఎక్కువ. వంతు తప్పిందంటే బండి మళ్లీ ఎప్పుడొస్తుందో చెప్పలేం.

కృష్ణగిరి, పత్తికొండ, ఆదోని, ఎమ్మిగనూరు వైపు ఇద్దరు ముగ్గురు కలిసి పాత ట్రాక్టరు కొనుక్కున్న రైతులు ఉన్నారు. ఇంజను, గేరు బాగున్నాయా అని చూస్తారు గానీ వైరింగు సంగతి ఎవరూ పట్టించుకోరు. దీనికి కారణం ఉంది. పాత డీజిలు ఇంజనుకు నడవడానికి కరెంటుతో పని లేదు. సెల్ఫ్ పడకపోతే మిట్ట మీద నిలిపి దొర్లిస్తే స్టార్టు అవుతుంది. ఎట్లో జరిగిపోతోంది కదా అని రోజులు నెట్టుకొస్తారు. చివరికి గోటితో పోయేది గొడ్డలి దాకా వస్తుంది. చాలాసార్లు లోపం తుప్పు పట్టిన ఒక బోల్టు దగ్గరే ఉంటుంది. దాన్ని కనిపెట్టే వరస తెలుసుకుంటే బ్యాటరీ, సెల్ఫ్ మోటారు మార్చే ఖర్చు తప్పుతుంది.

ముందుగా ఒక హెచ్చరిక

సెల్ఫ్ పడనప్పుడు కిందికి దిగి, స్క్రూడ్రైవరుతో సెల్ఫ్ మోటారు బోల్టులను కలిపి స్టార్టు చేసే అలవాటు కొందరికి ఉంది. ఇది ప్రాణాలతో చెలగాటం. గేరు పడి ఉంటే బండి ఒక్కసారిగా ముందుకు దూకుతుంది. మనిషి పెద్ద చక్రం ముందే నిలబడి ఉంటాడు, తప్పుకునే వ్యవధి ఉండదు. గేరు న్యూట్రల్‌లో ఉంటేనో, క్లచ్చి తొక్కితేనో తప్ప సెల్ఫ్ తీసుకోకుండా కొన్ని ట్రాక్టర్లలో ఒక స్విచ్చి ఉంటుంది. బోల్టులు కలిపితే ఆ రక్షణ పోతుంది. ఎంత తొందర ఉన్నా, సీటులో కూర్చుని తాళం చెవితోనే స్టార్టు చేయాలి. ఆ స్విచ్చిని తీసేసి వైర్లు కలపడం కూడా తప్పే.

పరీక్ష చేసే ముందు గేరు న్యూట్రల్‌లో పెట్టండి. చేతి బ్రేకు వేసి, చక్రాలకు అడ్డంగా రాళ్లు పెట్టండి. బ్యాటరీ దగ్గర బీడీ, అగ్గిపుల్ల వద్దు. ఛార్జి అయ్యేటప్పుడు దానిలో నుంచి మండే గాలి వస్తుంది. చేతి ఉంగరం, కడియం తీసి పక్కన పెట్టండి. ఆసిడ్ కంట్లోగానీ ఒంటి మీదగానీ పడితే కనీసం 15 నిమిషాలు ధారగా నీళ్లు పోసి కడగాలి. కంట్లో పడితే కడిగిన వెంటనే డాక్టరు దగ్గరికి వెళ్లాలి.

కావలసిన సామాను

రెండు వైర్లు, ఒక హోల్డరు, 12 వోల్టుల బల్బు ఉంటే టెస్టు ల్యాంపు తయారవుతుంది. కొన్ని వందల రూపాయల్లో దొరికే మీటరు ఒకటి ఉంటే ఇంకా మంచిది. వీటితోపాటు స్పానర్లు, గరుకు కాగితం, వంట సోడా, కొద్దిగా గ్రీజు చాలు.

కరెంటు దారిని కాలువతో పోల్చుకోండి. బ్యాటరీ ప్లస్ నుంచి బయలుదేరి ఫ్యూజు, స్విచ్చి, మోటారు లేదా దీపం మీదుగా పోయి, ఇంజను ఇనుము ద్వారా మళ్లీ బ్యాటరీ మైనస్‌కు చేరాలి. ఎల్లెల్సీ కాలువలో పైన ఎక్కడ గండి పడినా చివరి పొలానికి నీళ్లు అందవు. ఇక్కడా అంతే. అయితే కాలువకు లేనిది ఒకటి ఇక్కడ ఉంది. పోయిన కరెంటు తిరిగి రావాలి. ఆ తిరిగి వచ్చే దారినే ఎర్తు అంటాం. పాత బండ్లలో ఎక్కువ జబ్బులు ఈ ఎర్తు దగ్గరే వస్తాయి.

మొదట బ్యాటరీ

ఇంజను ఆపి రాత్రంతా వదిలేసిన బ్యాటరీకి ఉదయాన్నే మీటరు పెట్టండి.

- 12.6 వోల్టులు ఉంటే నిండుగా ఉన్నట్టు.
- 12.2 ఉంటే సగమే ఉన్నట్టు.
- 12 కన్నా తక్కువుంటే దాదాపు ఖాళీ. ముందు ఛార్జి చేయించాలి.

ఛార్జి చేసిన బ్యాటరీ ఒకటి రెండు రోజుల్లోనే దిగిపోతుంటే రెండు అనుమానాలు. ఒకటి, లోపల ఏదో సెల్లు చెడి ఉండవచ్చు. రెండు, బండి ఆపినా ఎక్కడో కరెంటు కారిపోతూ ఉండవచ్చు. రెండోది తేల్చుకోవడం సులువు. తాళం చెవి తీసేసి, స్విచ్చిలన్నీ ఆపి, మైనస్ వైరు విప్పండి. ఆ వైరుకూ బ్యాటరీ మైనస్ గుబ్బకూ మధ్య టెస్టు ల్యాంపు పెట్టండి. బల్బు వెలిగితే కరెంటు ఎక్కడికో పోతున్నట్టే. ఇప్పుడు ఫ్యూజులు ఒక్కొక్కటే తీస్తూ రండి. ఏ ఫ్యూజు తీసినప్పుడు బల్బు ఆరిపోతుందో లోపం ఆ దారిలోనే ఉంది. ఏ ఫ్యూజు తీసినా ఆరకపోతే ఆల్టర్నేటరు వైరును అనుమానించండి.

టెర్మినళ్ల మీద తెల్లగా, పచ్చగా పొంగే పొడి కరెంటుకు పెద్ద అడ్డు. వంట సోడా కలిపిన గోరువెచ్చని నీళ్లతో కడిగి, గరుకు కాగితంతో సీసం మెరిసేదాకా రుద్ది, బిగించాక పైన గ్రీజు పూయండి. కడిగేటప్పుడు ఆ నీళ్లు మూతల్లో నుంచి లోపలికి పోకూడదు. విప్పేటప్పుడు ముందు మైనస్, బిగించేటప్పుడు చివరన మైనస్ అనే మాట మరవకండి. మైనస్ ఉండగా ప్లస్ విప్పితే స్పానరు బాడీకి తగిలి నిప్పులు లేస్తాయి.

సెల్ఫ్ చేసే చప్పుడే జబ్బు చెబుతుంది

హెడ్‌లైటు వేసి, తాళం చెవి తిప్పి చూడండి.

1. లైటు పూర్తిగా ఆరిపోతే బ్యాటరీ ఖాళీ అయినా అయి ఉండాలి, టెర్మినలు వదులైనా అయి ఉండాలి.

2. టకటకమని వరసగా కొట్టుకుంటూ లైటు మసకబారితే బ్యాటరీలో బలం లేదు, లేదా లావు వైర్ల కొసల్లో తుప్పు ఉంది.

3. ఒక్కసారి టక్కుమని ఊరుకుని, లైటు బాగానే వెలుగుతుంటే సోలినాయిడ్ లోపలి రాగి బిళ్లలు కాలిపోయి ఉండవచ్చు, లేదా సెల్ఫ్ మోటారు కార్బన్లు అరిగి ఉండవచ్చు. ఇది మెకానిక్ పని.

4. చప్పుడే లేక, లైటు ఏమాత్రం తగ్గకపోతే సోలినాయిడ్‌కు కరెంటు అందడం లేదు. తాళం స్విచ్చి, న్యూట్రల్ స్విచ్చి, సన్న వైరు చూడాలి. ఒకరు సీటులో ఉండి చెవి తిప్పుతుంటే సోలినాయిడ్ సన్న వైరు దగ్గర టెస్టు ల్యాంపు పెట్టండి. వెలగకపోతే దారి వెనకనే తెగింది.

ఎర్తు పరీక్ష

మంచి బ్యాటరీ వేసినా సెల్ఫ్ బరువుగా తిరుగుతుంటే ఈ పరీక్ష చేయండి. ఇంజను స్టార్టు కాకుండా స్టాపు లాగి పట్టుకోవాలి. మీటరును డీసీ 20 వోల్టుల మీద పెట్టండి. ఒక మొనను బ్యాటరీ మైనస్ గుబ్బకే ఆనించండి, దాని మీది బిగింపుకు కాదు. రెండో మొనను ఇంజను మీద రంగు లేని చోట ఆనించండి. ఒకరు సెల్ఫ్ కొట్టాలి. మీటరు అర వోల్టు దాటితే ఎర్తు చెడినట్టే. వైరు రెండు కొసలూ విప్పి, ఇంజను, ఛాసిస్ మీద అది కూర్చునే చోట తుప్పు, రంగు గీకి మళ్లీ బిగించండి. ఇదే విధంగా ప్లస్ గుబ్బకూ సెల్ఫ్ మోటారు పెద్ద బోల్టుకూ మధ్య చూడండి. సెల్ఫ్ ఒకసారికి 10 సెకన్లకు మించి కొట్టవద్దు. మధ్యలో ఒక నిమిషం ఆగండి, లేకుంటే మోటారు కాలుతుంది.

ఇంత చిన్న తుప్పు అంత పని చేస్తుందా అని సందేహం రావచ్చు. లెక్క చూడండి. సెల్ఫ్ మోటారు 200 ఆంపియర్లు లాగుతుందనుకుందాం. తుప్పు వల్ల దారిలో ఓములో నూరో వంతు అడ్డు వచ్చినా 2 వోల్టులు అక్కడే వేడిగా పోతాయి. మోటారుకు అందాల్సిన బలంలో అంత తరుగు పడితే గట్టి ఇంజనును అది తిప్పలేదు. అందుకే సెల్ఫ్ కొట్టాక ఏ బోల్టు చేతికి వేడిగా తగులుతుందో లోపం అక్కడే ఉంటుంది.

ఛార్జింగు అవుతోందా?

తాళం తిప్పగానే మీటరు బోర్డులో ఎర్రని బ్యాటరీ దీపం వెలగాలి. ఇంజను నడిచాక ఆరిపోవాలి. నడుస్తున్నా వెలుగుతుంటే ఛార్జింగు లేనట్టు. అసలు వెలగకపోయినా ఊరుకోవద్దు. చాలా ఆల్టర్నేటర్లు ఆ బల్బు గుండా వచ్చే కరెంటుతోనే మేలుకుంటాయి, బల్బు మాడితే ఛార్జింగే నిలిచిపోవచ్చు.

ఇంజను సగం స్పీడులో ఉండగా బ్యాటరీ మీద 13.8 నుంచి 14.4 వోల్టుల వరకు చూపాలి. 13 దాటకపోతే ముందు బెల్టు చూడండి. ఇంజను ఆపి, బెల్టు మధ్యలో బొటనవేలితో నొక్కితే అర అంగుళం వరకు దిగాలి. ఎక్కువ దిగితే బిగించాలి. 15 వోల్టులు దాటితే రెగ్యులేటరు చెడినట్టు. అప్పుడు బ్యాటరీ నీళ్లు త్వరగా ఇంకిపోతాయి, బల్బులు మాడిపోతుంటాయి.

ఇంజను నడుస్తుండగా బ్యాటరీ వైరు విప్పి చూసే పాత పద్ధతి ఆల్టర్నేటరు బండ్లకు పనికిరాదు, లోపలి డయోడ్లు కాలిపోతాయి. ట్రాక్టరుకు వెల్డింగు చేయించేటప్పుడు కూడా ముందే బ్యాటరీ వైర్లు, ఆల్టర్నేటరు వైర్లు విప్పించండి.

ట్రాలీ దీపాలు, ఫ్యూజులు

ఆదోని యార్డుకు పత్తి, వేరుశనగ వేసుకుని చీకట్లోనే బయలుదేరే ట్రాలీలు ఎన్నో. వెనక ఎర్ర దీపం లేని ట్రాలీ దారి మధ్య గోడ లాంటిది. వెనక నుంచి వచ్చే మోటారు సైకిలు మనిషికి దగ్గరికి వచ్చేదాకా కనపడదు. ట్రాలీ దీపాలు మిణుకుమిణుకుమంటున్నా, సైగ దీపం వేస్తే బ్రేకు దీపం కూడా కొట్టుకుంటున్నా ఎర్తు లోపమని గుర్తించండి. కొక్కెం, పిన్ను ద్వారా ఎర్తు వస్తుందని నమ్మకండి, అక్కడ దుమ్ము, తుప్పు ఉంటాయి. ట్రాక్టరు నుంచి ట్రాలీకి ఎర్తు కోసం విడిగా ఒక వైరు వేయించండి. దీపాలు ఉన్నా వెనక ఎర్రని రిఫ్లెక్టర్లు తప్పనిసరిగా ఉండాలి.

ఫ్యూజు పోతే సిగరెట్టు పెట్టె రేకో, లావు రాగి తీగో చుట్టవద్దు. 55 వాట్ల హెడ్‌లైట్లు రెండు కలిసి 9 ఆంపియర్ల పైన తీసుకుంటాయి. వాటి దారికి 15 ఆంపియర్ల ఫ్యూజు సరిపోతుంది. వైరు ఒరిసి బాడీకి తగిలితే ఆ ఫ్యూజు కాలిపోయి వైరును కాపాడుతుంది. రేకు చుట్టిన చోట రేకు కాలదు, వైరే కాలుతుంది. ట్రాలీ నిండా పత్తి ఉన్నప్పుడు ఒక నిప్పు రవ్వ ఏం చేస్తుందో రైతుకు వేరే చెప్పనక్కరలేదు.

అద్దాలు లేవని పాత కారు, జీపులకూ ఇదే వరస

మీట నొక్కితే అద్దాలు లేచే పాత బండి కొన్నవారు కూడా ఈ పద్ధతే పాటించవచ్చు. అద్దాలన్నీ ఒకేసారి నిలిచిపోతే ఫ్యూజు, మెయిను వైరు, ఎర్తు చూడాలి. ఒక్క తలుపు అద్దమే కదలకపోతే బండిలోని దీపం వేసి మీట నొక్కండి. దీపం కొద్దిగా మసకబారితే మోటారుకు కరెంటు అందుతోంది, అద్దమే గాడిలో ఇరుక్కుంది. మసకబారకపోతే స్విచ్చి గానీ, తలుపు కీలు దగ్గర రబ్బరు గొట్టంలోని వైరు గానీ తెగి ఉంటుంది. తలుపు తెరిచి మూసినప్పుడల్లా ఆ వైరు మడతపడుతుంది కాబట్టి ముందు అక్కడే చూడండి. అద్దం దిగుతుంది గానీ లేవదు అంటే, మోటారు బాగున్నట్టే. అదే మోటారు కరెంటు దిశ మారితే తిరగబడుతుంది. లోపం స్విచ్చిలోనో దాని వైరులోనో ఉంటుంది.

బండి ఖాళీగా ఉన్న నెలల్లో

పని లేని రోజుల్లో బ్యాటరీ తనంతట తానే దిగిపోతుంది. ఖాళీగా వదిలితే పలకలు గట్టిపడి మళ్లీ ఛార్జి నిలవదు. కాబట్టి మైనస్ వైరు విప్పి పెట్టి, నెలకొకసారి ఛార్జి చేయించండి. ఎండాకాలంలో 15 రోజులకొకసారి నీళ్ల మట్టం చూసి, పలకలు మునిగేదాకా డిస్టిల్డ్ వాటరు మాత్రమే పోయండి. బోరు నీళ్లు, ఆసిడ్ పోయకూడదు.

పాత ట్రాక్టరు బేరం చేసేటప్పుడు పొద్దున్నే, ఇంజను చల్లగా ఉండగానే వెళ్లండి. సెల్ఫ్ మీ ఎదుటే కొట్టించి, ఛార్జింగు వోల్టులు, దీపాలన్నీ చూశాకే అడ్వాన్సు ఇవ్వండి. ట్రాక్టరు నడపడం, మరమ్మతు పద్ధతిగా నేర్చుకోవాలనుకునే యువకులు అనంతపురం జిల్లా గార్లదిన్నెలోని దక్షిణ ప్రాంత వ్యవసాయ యంత్రాల శిక్షణ, పరీక్షా సంస్థలో విచారించవచ్చు.

విత్తనం అదనుకు పది రోజుల ముందే, తీరిగ్గా ఉన్న ఒక పూట ఈ పరీక్షలన్నీ చేసుకోండి. పదును ఉన్న రోజున మెకానిక్ ఇంటి ముందు నిలబడాల్సిన అవసరం ఉండదు.