వీఆర్ ల్యాబ్ చూసి నర్సింగ్ కాలేజీలో చేరవచ్చా?

వర్చువల్ రియాలిటీ (వీఆర్), అంటే తలకు తొడుక్కునే పరికరంలో కంప్యూటర్ కల్పించిన వార్డును కళ్లకు కట్టే సాంకేతికత, నర్సింగ్ కాలేజీల కరపత్రాలకు ఎక్కినప్పటి నుంచి, అది ఉన్నచోట చదివితేనే విదేశీ ఉద్యోగం వస్తుందన్న భ్రమ తల్లిదండ్రుల్లో పాతుకుపోతోంది. తెలంగాణలోని బాన్సువాడలోనే ప్రభుత్వ నర్సింగ్ కళాశాల, ఏరియా ఆసుపత్రి, మాతా శిశు ఆసుపత్రి ఉండగా, ఆ పరికరం కోసం పొలం తాకట్టు పెట్టి పిల్లను హైదరాబాద్ శివార్లలోని ప్రైవేటు కాలేజీకి పంపడం ఏ లెక్కన చూసినా సమర్థనీయం కాదు.

సిమ్యులేషన్, అంటే రోగికి హాని కలగని చోట చికిత్సా సందర్భాన్ని కల్పించి సాధన చేయించడం, నర్సింగ్‌కు కొత్త కాదు. అమెరికాలోని హార్ట్‌ఫర్డ్ ఆసుపత్రి నర్సింగ్ పాఠశాలకు 1911లోనే సాధన కోసం నిలువెత్తు బొమ్మ వచ్చింది. భారత నర్సింగ్ మండలి 2021 నాటి బీఎస్సీ పాఠ్యప్రణాళికలో సిమ్యులేషన్‌కు చోటిచ్చింది. క్లినికల్ గంటల్లో, అంటే రోగుల దగ్గర శిక్షణ పొందే సమయంలో, సగం వరకు సిమ్యులేషన్‌తో భర్తీ చేసినా ఫలితం తగ్గలేదని 2014లో అమెరికా నర్సింగ్ బోర్డుల జాతీయ మండలి అధ్యయనం తేల్చిన మాట నిజమే కానీ, శిక్షణ పొందిన అధ్యాపకులు, ప్రతి సాధన తరువాత జరిగిన తప్పొప్పుల చర్చ అన్న షరతులను కరపత్రాలు ప్రస్తావించవు.

ప్రసవానంతర రక్తస్రావం వంటి అత్యవసర స్థితిలో ఏది ముందు, ఏది తరువాత అన్న నిర్ణయక్రమాన్ని నేర్పడంలో వీఆర్ మేలైనదే. అయితే బాలింత పొత్తికడుపుపై చెయ్యి వేసినప్పుడు గర్భసంచి బంతిలా గట్టిగా తగులుతోందా, మెత్తబడిపోయిందా అన్నది పరికరం పట్టుకున్న వేళ్లకు తెలియదు. ముసలివారి చేతిలో జారిపోయే నరాన్ని పట్టి సూది ఎక్కించడమూ అంతే. పైగా విదేశాల్లో తయారైన సాఫ్ట్‌వేర్‌లో రోగి ఇంగ్లిష్‌లో, పొందికగా బాధ చెప్పుకుంటాడు; బాన్సువాడ వార్డులో తెలుగు, ఉర్దూ, లంబాడీ కలగలిసి వినిపిస్తాయి, "పానం మంచిగ లేదు" అన్న ఒక్క మాట వెనుక ఛాతీనొప్పి ఉందో ఆకలి ఉందో నర్సే ఆరా తీయాలి.

బీఎస్సీ నర్సింగ్‌లో చేరడానికి అర్హత సంగతి క్లుప్తం: సైన్సు, ఇంగ్లిష్‌లతో ఇంటర్, కనీసం 17 ఏళ్లు, మిగతా వివరాలు కాళోజీ ఆరోగ్య విశ్వవిద్యాలయం ప్రకటనలో ఉంటాయి.

కాలేజీకి వెళ్లినవారు పరికరాన్ని చూసి మురిసిపోక, అరవై మంది విద్యార్థులుంటే వారికి అవి ఎన్ని ఉన్నాయో, సొంత ఆసుపత్రిలో నిజంగా రోగులున్న మంచాలు ఎన్నో, నెలకు ఎన్ని కాన్పులు జరుగుతాయో, వాటిని విద్యార్థులు దగ్గరుండి చూస్తారో లేదో అడగాలి. రాతపూర్వకంగా చెప్పని కాలేజీకి డొనేషన్ కట్టడం అవివేకం. నీట్‌లో సీటు రాలేదని రెండేళ్లు లాంగ్‌టర్మ్ కోచింగ్‌లో నలిపి, ఆ ఓటమి గుర్తుగా పిల్లను నర్సింగ్‌లోకి నెట్టేవారు ఈ ప్రశ్నలు అసలే అడగరు. వృత్తిని మొదటే చిన్నచూపు చూసినవారికి కాలేజీల మధ్య తేడా కనబడదు.

విదేశాలే లక్ష్యమైతే ఖర్చు పెట్టవలసిన చోటు వేరు: జర్మనీలో నర్సుగా గుర్తింపుకు సాధారణంగా జర్మన్ భాషలో బీ2 స్థాయి కావాలి, రాష్ట్ర ప్రభుత్వ సంస్థ టామ్‌కామ్ నర్సులకు ఆ భాషా శిక్షణను, నియామకాలను చూస్తోంది.